పాఠకుల ప్రశ్నలు – జవాబులు: నమూనా కారుకు మన చేతి పార్టులు

చిన్న నమూనా కారును కొని, దానికి సొంతంగా చేసిన భాగాలు అమర్చుకోవడం గురించి ఈ నెల నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. సగానికి పైగా ఉత్తరాలు అంబాసిడర్ గురించే. ఉత్తరపారా కర్మాగారంలో 2014లో ఆ కారు తయారీ ఆగిపోయినా, మన పాఠకుల బల్లల మీద మాత్రం ఇంకా ఆగినట్లు లేదు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: బొమ్మల దుకాణంలో కొన్న ప్లాస్టిక్ అంబాసిడర్ ఉంది. పెట్టె మీద స్కేలు (అసలు కారులో ఎన్నో వంతు సైజో చెప్పే లెక్క) రాయలేదు. రూళ్లకర్రతో కొలిస్తే పొడవు 126 మి.మీ., వెడల్పు 52, ఇరుసుల మధ్య దూరం 74 వచ్చాయి. దీనికి బంపర్లు, అద్దాలు చేసి పెట్టాలంటే ఏ లెక్కన చేయాలి? – ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: అసలు కారు కొలతలు తెలిస్తే స్కేలు తెలిసినట్లే. చివరి కాలపు అంబాసిడర్ పొడవు 4325 మి.మీ., వెడల్పు 1662, ఎత్తు 1593, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2464 మి.మీ. మీ కొలతలతో వీటిని భాగించి చూస్తే పొడవును బట్టి 1:34, ఇరుసుల దూరాన్ని బట్టి 1:33, వెడల్పును బట్టి 1:32 వస్తాయి. మీరు తప్పు కొలవలేదు. బొమ్మల కంపెనీలు పెట్టె సైజుకూ, లోపల పెట్టే చక్రాల యంత్రానికీ సరిపడేలా కారును కొంచెం కుదించడమో, వెడల్పు చేయడమో మామూలే. ఇలాంటప్పుడు ఇరుసుల దూరాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. ఎందుకంటే చక్రం, మడ్‌గార్డు, తలుపు, ఈ మూడింటి పొందిక దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఆ మూడూ కుదిరితే పొడవులో తేడా కంటికి ఆనదు. కాబట్టి మీరు చేసే ప్రతి భాగాన్నీ 33తో భాగించి చేయండి.

అయితే పొడవు వెడల్పుల కన్నా ముందు చూడవలసింది మందం. అసలు కారు రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరు. మీ బొమ్మ గోడ ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉందనుకుంటే, అసలు కారులో దాని మందం 50 మి.మీ. అవుతుంది. కిటికీ అంచున ఆ మందం కనిపించినంత కాలం మీరు ఎంత అందమైన అద్దం పెట్టినా అది బొమ్మే. అందుకే ఏ పార్టూ చేయకముందు కిటికీ చట్రాల అంచులను, మడ్‌గార్డు అంచులను లోపలి వైపు నుంచి ఏటవాలుగా ఆకురాయితో అరగదీయండి. బయటి నుంచి కనిపించే అంచు పల్చబడితే చాలు, లోపల మందంగానే ఉన్నా ఎవరికీ తెలియదు. ఈ పనికి ఖర్చు లేదు, ఒక సాయంత్రం పడుతుంది, కారు రూపం మాత్రం మారిపోతుంది.

ప్రశ్న: 1:24 స్కేలు కారు మీద పాతకాలపు టాక్సీ క్యారియర్ పెట్టాలని ఉంది. ప్లాస్టిక్ కడ్డీలతో, ఫెవిక్విక్‌తో చేస్తే చేయి తగలగానే విరిగిపోయింది. మా ఊళ్లో ఒక షెడ్డులో అసలు క్యారియర్ ఉంది. కొలిస్తే నాలుగడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు, ముప్పావు అంగుళం గొట్టం. – ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: షెడ్డుకు వెళ్లి టేపుతో కొలిచారు కాబట్టి మీ పని సగం అయినట్లే. నాలుగడుగులు 1:24లో 51 మి.మీ., మూడున్నర అడుగులు 44 మి.మీ., ముప్పావు అంగుళం గొట్టం 0.8 మి.మీ. అవుతాయి. ఆ సన్నదనంలో ప్లాస్టిక్ నిలవదు. మందం పెంచితే నిలుస్తుంది కానీ కారు మీద తాటి దూలాలు పెట్టినట్లు ఉంటుంది. ఇత్తడి తీగ ఒక్కటే దారి. 21 గేజి ఇత్తడి తీగ సరిగ్గా 0.8 మి.మీ. ఉంటుంది. హార్డ్‌వేర్ దుకాణంలో ఆ గేజి దొరకకపోతే ఔసుల దుకాణంలో అడగండి. వారి దగ్గర తీగ లాగే రంధ్రాల పలక ఉంటుంది. కొంచెం లావు తీగ ఇచ్చినా మీకు కావలసిన సన్నానికి లాగి ఇవ్వగలరు.

చుట్టగా ఉన్న తీగను చేత్తో సరిచేస్తే గతుకులు మిగులుతాయి. ఒక కొసను బిగించి, రెండో కొసను పట్టకారుతో పట్టి, కొద్దిగా సాగే వరకు గట్టిగా లాగితే తీగ గీత గీసినట్లు తిన్నగా అవుతుంది. వంపులు తిప్పవలసిన చోట మాత్రం మంట మీద మసక ఎరుపు వచ్చే దాకా కాల్చి చల్లార్చండి. అప్పుడు ఇత్తడి మెత్తబడి, పగలకుండా వంగుతుంది.

తర్వాత క్యారియర్ పటాన్ని నమూనా సైజులోనే, అంటే 51 × 44 మి.మీ.లో, గ్రాఫ్ కాగితం మీద గీసి, ప్లైవుడ్ ముక్కకు అంటించండి. ప్రతి తీగకూ అటూ ఇటూ గుండుసూదులు దిగగొట్టి, తీగ కదలకుండా చేయండి. అడ్డ తీగ నిలువు తీగను దాటే చోట రెండింటిలోనూ ముక్కోణపు ఆకురాయితో సగం మందం గాడి పెడితే, రెండు తీగలూ ఒకే మట్టంలో కూర్చుంటాయి. చాలామంది ఈ గాడి దగ్గర బద్ధకిస్తారు, ఫలితంగా క్యారియర్ మంచం పట్టెల మాదిరి రెండు అంతస్తులుగా తయారవుతుంది. గాడిలో పుల్లతో సోల్డరింగ్ పేస్టు పెట్టి, టంకం తీగలోంచి ఆవగింజలో సగమంత ముక్క కోసి దాని మీద ఉంచి, 35 వాట్ల సోల్డరింగ్ ఐరన్ మొనను తీగకు ఆనించండి. వేడి తీగ గుండా వెళ్లి టంకాన్ని తనంతట తాను లోపలికి లాక్కుంటుంది. ఐరన్‌కు టంకం అంటించుకొని తెచ్చి పూస్తే గడ్డ కడుతుంది, ఆ గడ్డను రాకడం కన్నా కొత్తది చేసుకోవడం సులువు. ఒక అతుకు వేస్తుంటే పక్క అతుకు ఊడిపోతుందన్న భయం అందరికీ ఉంటుంది. పక్క అతుకు మీద తడి దూది ఉంచితే వేడి అక్కడికి చేరదు.

అన్నీ అయ్యాక సబ్బు నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో బాగా కడగాలి. పేస్టు మిగిలిపోతే కొన్నాళ్లకు రంగు కింద పచ్చగా చిలుము పడుతుంది. ఇత్తడికి రంగు నేరుగా అంటదు, ప్రైమర్ తప్పనిసరి.

ఇక బిగింపు. అసలు క్యారియర్ కాళ్లు కప్పు మీద ఆనవు. కప్పు రెండు వైపులా వాన నీరు పోవడానికి ఉండే గాడి అంచుకు క్లాంపులతో పట్టుకొని ఉంటాయి. నమూనాలో చాలామంది కప్పు మధ్యలో రంధ్రాలు చేసి కాళ్లు గుచ్చుతారు. మీరు ఆ గాడిలోనే 0.8 మి.మీ. రంధ్రాలు చేసి కాళ్ల కొసలను అందులో దించండి. అప్పుడు కప్పుకూ క్యారియర్‌కూ మధ్య కొంచెం వెలుతురు కనిపిస్తుంది. అసలు కారులో కూడా అలాగే కనిపిస్తుంది.

ప్రశ్న: నా 1:18 లోహపు కారు బోనెట్ తెరుచుకుంటుంది కానీ లోపల ఇంజిన్ ఒకే నల్ల ముద్ద. వైర్లు పెట్టవచ్చా? ఏ దారం వాడాలి? – ఒక విద్యార్థి, సూర్యాపేట

జవాబు: దారం వద్దు, నూగు లేస్తుంది. ఫ్యాన్లు, మోటార్లు చుట్టే వైండింగ్ దుకాణం మీ ఊళ్లో వీధికొకటి ఉంటుంది. అక్కడ కింద పడేసిన ఎనామెల్ రాగి తీగ ముక్కలు అడిగితే కాదనరు. ప్లగ్గు వైరు అసలు మందం 7 మి.మీ. కాబట్టి 1:18లో 0.39 మి.మీ. కావాలి, 28 గేజి తీగ దానికి దాదాపు సరిపోతుంది. మీ మిత్రుల్లో ఎవరికైనా 1:24 కారు ఉంటే వారికి 30 గేజి చెప్పండి.

మీది 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ ఉన్న పాత అంబాసిడర్ అని రాశారు. నాలుగు సిలిండర్లు కాబట్టి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే భాగం) నుంచి ప్లగ్గులకు నాలుగు వైర్లు, కాయిల్‌కు ఒకటి, మొత్తం అయిదు వస్తాయి. విడి భాగాలుగా వచ్చే నమూనా కిట్లలో, భాగాలను విరిచి తీశాక చట్రంలో మిగిలే ప్లాస్టిక్ కడ్డీ ముక్కను డిస్ట్రిబ్యూటర్ మూతగా మలిచి, మధ్యలో ఒకటి, చుట్టూ నాలుగు రంధ్రాలు 0.4 మి.మీ. బిట్టుతో చేత్తోనే తిప్పుతూ వేయండి. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో సర్క్యూట్ బోర్డులకు అమ్మే బిట్లు ఈ పనికి వస్తాయి. కరెంటు డ్రిల్లు పెడితే మాత్రం ప్లాస్టిక్ కరిగి బిట్టును పట్టేస్తుంది. వైర్లు కలిపేటప్పుడు ఆ ఇంజిన్ సిలిండర్లు మండే వరుస 1-3-4-2 అని, డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుందని గుర్తుంచుకోండి. ఎవరు చూస్తారని అనుకోవద్దు, మీ వీధి చివరి మెకానిక్ చూస్తే మొదట చూసేది అదే.

తీగను అగ్గిపుల్ల మీద వంచి, కొంచెం వేలాడేలా అమర్చండి. అసలు రబ్బరు వైరు తన బరువుకు తాను కుంగుతుంది. బిగుసుకొని నిలబడ్డ వైరు చూడగానే రాగి తీగ అని తెలిసిపోతుంది. చివరగా మెరుపు లేని నల్ల రంగు పూయండి.

ప్రశ్న: మా నాన్నగారి చిన్ననాటి లోహపు బొమ్మ కారుకు కొత్త రంగు వేద్దామని పాత రంగు గీకబోతే, లోహంలోనే సాలెగూడు లాంటి పగుళ్లు కనిపించాయి. లప్పం పెడితే సరిపోతుందా? – ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: సరిపోదు. ఈ కార్లను జింకు, అల్యూమినియం కలిపిన లోహంతో పోత పోస్తారు. పోత రోజుల్లో ఆ మిశ్రమంలో సీసం వంటివి కొంచెం కలిసినా, ఏళ్ల తర్వాత లోహం లోపలి నుంచే తిని పగులుతుంది. తేమ, వేడి దాన్ని తొందరపెడతాయి. దానికి మందు లేదు. లప్పం పెట్టినా పక్కన పగులుతుంది, రంగు తీసే రసాయనం పూస్తే ఉన్న ముక్కలు కూడా ఊడవచ్చు. గీకడం ఆపి, పొడిగా, నీడలో ఉంచండి. కొలతలన్నీ రాసుకొని, నాలుగు వైపులా ఫోటోలు తీసిపెట్టుకుంటే అదే కారును ప్లాస్టిక్ షీటుతో మళ్లీ చేసుకోవచ్చు. చక్రాలు, అద్దాలు బాగుంటే వాటిని జాగ్రత్తగా విప్పి కొత్తదానికి వాడండి. నాన్నగారికి ఆ చక్రాలు చాలు, గుర్తుపడతారు.

ప్రశ్న: మా ఇంట్లో చీరలు నేస్తారు. మిగిలిన జరీ పోగులు కారుకు క్రోమ్ పట్టీలుగా వాడవచ్చునా? – ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: పట్టీలకు పనికిరావు. అసలు జరీ అంటే పట్టు పోగు చుట్టూ చదును చేసిన వెండి తీగను మెలితిప్పి, బంగారు పూత పూసినది. నకిలీ జరీలో లోహం వేరైనా అల్లిక అదే. ఆ మెలిక చీర అంచులో మిలమిలలాడుతుంది, కారు పక్కన పెడితే తాడులా కనిపిస్తుంది. క్రోమ్ పట్టీకి కావలసింది నున్నని, ఏ గీతా లేని మెరుపు. అలాగని మీ పోగులు వృథా కావు. పోటీ కార్లలో, పెద్ద ఇంజిన్లలో లోహపు అల్లిక ఉన్న పెట్రోలు, నూనె గొట్టాలు ఉంటాయి. వెండి రంగు జరీ పోగు వాటికి ఎంత బాగా కుదురుతుందంటే, విదేశాల నుంచి తెప్పించే అల్లిక గొట్టాలతో పని ఉండదు.

పట్టీలకు చాక్లెట్ల మీద చుట్టే సన్నని అల్యూమినియం రేకు తీసుకోండి. పట్టీ ఉండే చోట వార్నిష్‌ను పల్చగా పూసి, వేలికి కొంచెం జిగురుగా తగిలే వరకు ఆగి, దాని మీద రేకు పరచి, దూది చుట్టిన పుల్లతో మధ్య నుంచి అంచులకు రుద్దండి. తర్వాత కొత్త బ్లేడుతో, నొక్కకుండా, రెండు గీతలు గీసి అదనపు రేకును లాగేయాలి. బ్లేడు పాతదైతే రేకు చిరుగుతుంది. ఈ ఒక్క విషయంలో పొదుపు పనికిరాదు. కూల్‌డ్రింక్ డబ్బా రేకు వాడతామని కొందరు రాశారు. అది సుమారు 0.1 మి.మీ. ఉంటుంది, 1:24లో రెండున్నర మిల్లీమీటర్ల పలక అవుతుంది. నంబరు ప్లేటు వెనుక, సైలెన్సర్ పట్టీకి దాన్ని వాడవచ్చు కానీ తలుపు పట్టీకి వద్దు.

ప్రశ్న: నా 1:24 టాక్సీ సీట్లకు గుడ్డ అంటిస్తే గోనెసంచిలా ఉంది. ఎందుకు? – ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: గుడ్డలోని పోగు 24 రెట్లు లావుగా కనిపిస్తుంది కాబట్టి. చాలా టాక్సీల్లో ఉండేది రెక్సిన్. రంగులు వేసేవారు వాడే కాగితపు మాస్కింగ్ టేపు మీద సన్నని ముడతలు ఉంటాయి. దాన్ని సీటు మీద అంటించి, ముదురు రంగు వేసి, పైన కొంచెం మెరుపు పూస్తే రెక్సిన్‌కు చాలా దగ్గరగా వస్తుంది. కుట్టు గీతలను టేపు అంటించాక సూది మొద్దు కొసతో నొక్కి గీయండి. ముందు సీటు ఒకే పొడవు బల్లగా ఉండాలనీ, గేరు కర్ర నేల మీద కాక స్టీరింగ్ పక్కన ఉన్న పాత రకమైతే దాన్ని కూడా అలాగే పెట్టాలనీ మర్చిపోవద్దు. అధికారుల కార్లలో సీటు మీద పరిచే తెల్ల తువ్వాలు గురించి కూడా అడిగారు. దానికి టిష్యూ కాగితంలోని ఒక్క పొరను విడదీసి, నీళ్లలో కలిపిన ఫెవికాల్‌తో తడిపి పరచండి. ఆరితే మడతలు అలాగే నిలుస్తాయి.

ప్రశ్న: మా దగ్గరి పెయింటింగ్ షెడ్డులో మిగిలిన కారు రంగునే నమూనా కారుకు కొట్టించవచ్చా? నేను డబ్బా స్ప్రేతో కొడితే గరుకుగా వచ్చింది. – ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: లోహపు కారైతే కొట్టించవచ్చు. ప్లాస్టిక్ కారైతే జాగ్రత్త; షెడ్డులో వాడే థిన్నర్ ఆ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. ముందు ప్లాస్టిక్‌కు పనికివచ్చే ప్రైమర్‌ను పొగమంచులా రెండు మూడు పల్చని పూతలు వేసి, పూర్తిగా ఆరాక, కారు లోపలి వైపు పరీక్షించి చూసుకోవాలి. ఎనామెల్ రంగు మీద, థిన్నర్‌తో కలిపి కొట్టే, త్వరగా ఆరే లాకర్ రంగు కొట్టకూడదు, కింది పూత ముడతలు పడి లేస్తుంది.

గరుకు రావడానికి మన ఎండే కారణం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం స్ప్రే చేస్తే రంగు తుంపరలు కారును చేరేలోపే సగం ఆరిపోయి, ఇసుకలా అంటుకుంటాయి. ఉదయం, గాలి లేవకముందు, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టండి. వాన రోజుల్లో దీనికి విరుద్ధమైన తంటా ఉంది. ద్రావకం ఆవిరైనప్పుడు పూత చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి, లాకర్ రంగు తెల్లగా పాలిపోతుంది. ముసురు పట్టిన రోజున ఆ పని పెట్టుకోకండి.

అసలు కారు రంగు పొరలన్నీ కలిపి దాదాపు 0.1 మి.మీ. ఉంటాయి. దాన్ని 24తో భాగించి మనం వేయలేము, కాబట్టి మన పూత ఎప్పుడూ లావే. అందుకే తలుపు చుట్టూ ఉండే గీతలను రంగుకు ముందే బ్లేడు వెనుక వైపుతో ఒకసారి లోతు చేసుకోవాలి, లేకపోతే పూతలో పూడిపోతాయి. పూతకూ పూతకూ మధ్య 1500 నంబరు వాటర్ పేపరుతో (నీళ్లతో వాడే గరుకు కాగితం) రుద్ది, చివరి పూతకు 2000 వాడండి. అంచుల మీద రుద్దవద్దు, అక్కడ రంగు ముందు పోతుంది.

ప్రశ్న: అద్దాలు అంటించిన మర్నాటికి తెల్లగా మసకబారాయి. – ఒక విద్యార్థి, కోదాడ

జవాబు: ఫెవిక్విక్ ఆవిరి చేసిన పని అది. అద్దాలకు తెల్ల ఫెవికాల్ వాడండి, ఆరితే కనిపించదు. మసకబారిన అద్దాలను పారేసి, మాత్రల పట్టీకో, బొమ్మల పెట్టెకో ఉండే పారదర్శక ప్లాస్టిక్‌ను కోసి పెట్టుకోండి. అది మీ పాత అద్దం కన్నా పల్చగా కూడా ఉంటుంది.

ప్రశ్న: మా ఊరి టాక్సీని 1995లో ఉన్నట్లుగా చేస్తున్నాను. నంబరు ప్లేటు మీద టీఎస్ రాయాలా, ఏపీ రాయాలా? ఫోటో స్టూడియోలో ప్రింట్ తీయిస్తే ప్లేటు దిమ్మెలా ఉంది. – ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: 1995 అయితే ఏపీ 24 రాయాలి, అది నల్లగొండ జిల్లా సంఖ్య, మహబూబ్‌నగర్‌కు ఏపీ 22 ఉండేది. తెలంగాణ ఏర్పడిన 2014 తర్వాత నల్లగొండకు టీఎస్ 05, మహబూబ్‌నగర్‌కు టీఎస్ 06 వచ్చాయి, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వేస్తున్నారు. అప్పటి ప్లేట్లు చేత్తో రాయించినవి కాబట్టి అక్షరాలు ఇప్పటిలా అచ్చు గుద్దినట్లు ఉండవు. ఆ బండి పాత ఫోటో దొరికితే అందులోని రాతనే చూసి కాపీ చేయండి. అదే ఇప్పటి కారుకైతే ప్లేటు 500 × 120 మి.మీ. కాబట్టి 1:24లో దాదాపు 21 × 5 మి.మీ. వస్తుంది.

ఇక దిమ్మె సంగతి. ఫోటో కాగితం పావు మిల్లీమీటరుకు దగ్గరగా ఉంటుంది, అంటే మీ ప్లేటు ఆరు మిల్లీమీటర్ల చెక్క అయింది. ప్రింటు మూలను బ్లేడుతో చీల్చి, వెనుక ఉన్న కాగితపు పొరను మెల్లగా ఒలిచేయండి. బొమ్మ ఉన్న పై పొర మాత్రమే మిగులుతుంది. కోసిన అంచు తెల్లగా కనిపించకుండా నల్ల స్కెచ్ పెన్ను ఒకసారి తిప్పి, కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్కకు అంటించండి. ఒక మూలను గోటితో కొద్దిగా వంచితే 1995 నాటి నల్లగొండ టాక్సీ ప్లేటు అవుతుంది.